రంగు తీసిన పేజీ

చుట్టూ తిప్పి చెప్పే మాటలంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. కరెంటు పోయినప్పుడు గిరాకీతో "జెర ఆగుండ్రి, వస్తది" అనడం నాకు చేతకాదు. "ఎప్పుడొస్తదో నాకు తెల్వదు, ఇంటికి పోండ్రి" అంటాను. అందుకే మా ఆయన సోమేశ్వర్ తన విత్తనాల దుకాణంలో నన్ను గల్లా మీద కూర్చోబెట్టలేదు. రైతు వచ్చి ఇవి మొలుస్తాయా అని అడిగితే, "మొలిస్తే మొలుస్తయి" అంటానని ఆయన భయం. దుకాణం పక్కన ఖాళీగా పడున్న చిన్న మడిగె గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టించి, "ఇగ ఈడ నీ ఇష్టమున్నట్టు మాట్లాడుకో" అన్నాడు. పటాన్‌చెరు బస్టాండుకు ఎదురుగా, ముంబై రోడ్డు మీద, మా నెట్ సెంటర్ అలా మొదలైంది.

రెండువేల ఏడు వానాకాలంలో ఒక పొద్దున నేను షట్టర్ ఎత్తుతుంటే, భానూర్ నుంచి వచ్చే ఆటోలోంచి సుమిత్ర, వాళ్ల మామ సత్తయ్య దిగారు. సుమిత్ర చెప్పులు లేకుండా వచ్చింది. విషయం ఏదో బాగా లేదని అప్పుడే అనుకున్నాను.

సుమిత్ర భర్త లింగం బాయిలర్లు చేసే కంపెనీలో ఫిట్టర్. ఉత్తరాదిన ఏదో ఊళ్లో కొత్త బాయిలర్ బిగించాలి, రైల్లో వెళ్తే ఆలస్యమవుతుందని కంపెనీ అతన్ని విమానంలో పంపింది. వాళ్ల ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషి. మొన్ననే తండ్రిని వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చి టికెట్ ప్రింటు తీయించుకున్నాడు. పనిలో పనిగా, "మా నాయనకు గా విమానం కంపెనీ బొమ్మ సూపియ్యి అక్కా" అంటే, గగన్‌రేఖ ఎయిర్‌లైన్స్ వాళ్ల వెబ్‌సైటు తెరిచి చూపించాను. పేజీ నిండా ఎరుపు. ఎర్ర పక్షి, ఎర్ర చీర కట్టుకొని నవ్వుతూ దండం పెడుతున్న ఒక అమ్మాయి, చుట్టూ తగ్గింపు ధరల టికెట్లు. సత్తయ్య ఆ అమ్మాయికి తిరిగి దండం పెట్టాడు. లింగం నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయాడు.

"అక్కా, రాత్రి విమానం దిగేటప్పుడు ఏందో అయిందట," అంది సుమిత్ర. "ఒక చానెల్ల పడ్డదంటున్నరు, ఇంకో చానెల్ల జారిందంటున్నరు. ఆయన ఫోను బందుంది. విమానం కంపెనోళ్లు కంప్యూటర్ల రాసిండ్రని టీవీల చెప్పిండ్రు. జెర సూడు."

పేజీ తెరిచాను. మొదట తప్పు పేజీ తెరిచాననుకున్నాను. ఎరుపు ఎక్కడా లేదు. పక్షి బూడిద రంగులోకి మారింది. అమ్మాయి లేదు, టికెట్ల ధరలు లేవు. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాల్లో నాలుగు ముక్కలు మాత్రం ఉన్నాయి.

"మొన్న గీడ ఎర్ర చీర పిల్ల ఉండె గదా," అన్నాడు సత్తయ్య నా వెనక నిలబడి. "ఏది?"

"తీసేసిండ్రు పటేలా."

"రంగు గూడ తీసేసిండ్రు."

"ఔ," అన్నాను.

తరువాత ఎప్పుడో తెలిసింది, విమానాల కంపెనీలు ఇలాంటి రోజు కోసం ఒక రంగులేని పేజీని ముందే తయారుచేసి దాచుకుంటాయట. ఇంట్లో పెద్దప్రాణం మంచాన ఉండగానే తెల్లబట్ట కొని పెట్టెలో పెట్టినట్టు. అందులో తప్పేం లేదు. మనుషులు ఆసుపత్రుల్లో ఉంటే నవ్వే అమ్మాయిని చూపించి టికెట్లు అమ్మడం మర్యాద కాదు కదా. కానీ ఆ పొద్దున ఈ సంగతి నాకు తెలియదు, సత్తయ్యకు అసలే తెలియదు.

ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివి చెప్పాను. "మా విమానం ఒకటి నిన్న రాత్రి దిగే సమయంలో రన్‌వే నుంచి పక్కకు వెళ్లింది. ప్రయాణికుల క్షేమమే మా ప్రథమ కర్తవ్యం. అధికారులకు పూర్తిగా సహకరిస్తున్నాము. వివరాలు అందిన కొద్దీ ఇక్కడ తెలియజేస్తాము."

"పక్కకు పోతే ఏమైతది అక్కా?" అంది సుమిత్ర. "మేమొచ్చిన ఆటో గూడ గుంతలు తప్పిచ్చి పక్కకు పోయింది."

మొన్నటి టికెట్ ఇంకా కంప్యూటర్‌లోనే ఉంటే, దాని మీదున్న విమానం నంబరూ పేజీ మీది నంబరూ కలిపి చూశాను. అదే విమానం. అదే మాట చెప్పాను.

పేజీలో ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడు చేసినా ఎంగేజే. నేను కంప్యూటర్ ముందు కూర్చొని పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూ ఉన్నాను. రోజూ వచ్చే పిల్లలు రెజ్యూమేలు ప్రింటు తీయించుకోవడానికి వస్తే వెళ్లగొట్టాను. కాసేపటికి ఇంకో ముక్క చేరింది. గాయపడినవారిని ఆసుపత్రులకు తరలించారట, అవసరమైన సాయమంతా అందుతోందట. ఎవరికి గాయాలు, ఎంత గాయాలు, ఏ ఆసుపత్రి, ఏమీ లేదు. మధ్యలో సత్తయ్య బయటికెళ్లి, ఎస్టీడీ బూత్‌లోంచి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. మళ్లీ ఒక ముక్క చేరింది.

"ఈ సంఘటనలో కొందరు ప్రాణాలు కోల్పోయారని తెలియజేయడానికి తీవ్రంగా విచారిస్తున్నాము. వారి కుటుంబాలకు ముందుగా తెలియజేసిన తరువాతే పేర్లు ప్రకటిస్తాము."

"కొందరంటే ఎందరు?" అంది సుమిత్ర.

"రాయలేదు."

అప్పుడే లింగం పనిచేసే కంపెనీ జీపు వచ్చి మా ముందు ఆగింది. భానూర్‌లో ఇంటికి వెళ్లి, వీళ్లు ఇక్కడున్నారని లింగం తల్లి రాధమ్మ చెబితే తిరిగొచ్చారట. జీపులోంచి పర్సనెల్ ఆఫీసర్ నరసరాజు దిగాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"లింగానికి దెబ్బలు తగిలాయట సత్తయ్యగారూ," అన్నాడు. "మంచి ఆసుపత్రిలో చూస్తున్నారట. కొంచెం సీరియస్ అన్నారు కానీ మీరు కంగారు పడొద్దు. ఇంట్లోవాళ్లు ఇద్దరు బయల్దేరి వస్తే మంచిదని ఎయిర్‌లైన్స్ వాళ్లు చెప్పారు. సాయంత్రం విమానానికి టికెట్లు వాళ్లే ఇస్తారు. వెంట వాళ్ల మనిషి కూడా ఉంటాడు."

సత్తయ్య అంతా విని తలూపాడు. సుమిత్ర వైపు తిరిగి, "నువ్వు జెర పక్క దుకాణంల కూసోని చాయ్ తాగు బిడ్డా, పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు. ఆమె వెళ్లేదాకా ఆగి, నరసరాజుతో అన్నాడు.

"ఎవ్వరం రాము సారూ. ఆన్ని ఈడికే తోలియ్యిండ్రి. చెలకల బొంద పెట్టనీకె జాగ చూడుమని మా ఊరి పోచయ్యకు ఫోన్ల చెప్పిన."

నరసరాజు చేతిలోని కాగితం విప్పి మళ్లీ చూసుకున్నాడు. నాకు కోపం తన్నుకొచ్చింది. "ఏం మాట్లాడుతున్నవ్ పటేలా? దవాఖానల ఉన్నడని సారు చెప్తుండు గదా. బతికున్న కొడుక్కు జాగ చూడుమన్నవా?"

ఆయన కోపగించుకోలేదు. స్టూలు లాక్కొని కూర్చొని, తువ్వాల మోకాళ్ల మీద పరుచుకున్నాడు.

"మా ఊర్ల ఎవ్వరు పోయినా బయటి ఊరోళ్లకు కబురు చెప్పనీకె నన్నే తోలుతరు బిడ్డా. మీసం రానప్పటి సంది నాదే పని. ఏ ఇంటికి పోయినా, పోయిండని నేను ఎన్నడు చెప్పలే. జెర సుస్తయింది, దవాఖానల ఏసిండ్రు, మంచిగ చూస్తుండ్రు, పరేషాన్ గావద్దు, నా ఎంబడి రాండ్రి అంట. మా ఊరి ఎంకమ్మ పెనిమిటి మిషన్ల పడి సచ్చిపోయిన్నాడు ఆమె తల్లిగారింట్ల ఉండె. ఆడికెళ్లి భానూర్ దాక గిదే చెప్పుకుంట తీస్కొచ్చిన. దారిపొడుగున మొక్కులు మొక్కుకుంటనే వచ్చింది. ఇంటి ముంగట జనాన్ని చూసినంక సమజైంది ఆమెకు." నరసరాజు చేతిలోని కాగితం వైపు వేలు చూపించాడు. "ఈ సారు నా మాటలు నాకే చెప్తుండు. ఒక్క ముక్క గూడ తేడ లేదు."

"విమానం కంపెనీ వాళ్లకు నీ పద్ధతి ఏం తెలుసు పటేలా?"

"మరి ఆ పిల్లను ఎందుకు తీసేసిండ్రు? రంగెందుకు తీసిండ్రు? బొట్టు నిలబడే ఇంట్ల రంగు తియ్యరు బిడ్డా."

నేను మళ్లీ పేజీ వైపు తిరిగాను. ఈసారి నా కళ్లతో కాదు, ఆయన చెవులతో చదివాను. సాయమంతా అందుతోంది. కుటుంబ సభ్యులు సంప్రదించండి. నరసరాజు చెప్పిందీ గుర్తొచ్చింది, వెంట మనిషి ఉంటాడు. ఎదుటి మనిషి దారిలోనే కూలిపోకూడదని సత్తయ్య ఆ మాటలు చెప్పేవాడు. రేపు కోర్టులో తమ మాట తమకే చుట్టుకోకూడదని విమానాల కంపెనీ ఆ మాటలు రాసింది. ఒకరిది దయ, ఒకరిది భయం. వినేవాడి చెవికి మాత్రం రెండూ ఒకటే. ఇక ఆయన తప్పని నేనెలా అనగలను?

"అయినా పోయి చూస్తే తప్పేంది?" అన్నాను చివరికి.

"పిల్లను తీస్కపోయి, తెల్వని ఊర్ల, తెల్వని భాషల, పీనుగ ముంగట నిలబెట్టుమంటవా? ఆడ కూలబడితే ఎవరు పట్టుకుంటరు దాన్ని? ఈడైతే అమ్మలక్కలున్నరు." తువ్వాలను మోకాళ్ల మీద మళ్లీ సర్దుకున్నాడు. "ఆడు ఎట్లనో గట్ల ఇంటికే వస్తడు."

నరసరాజు వైపు తిరిగాను. "సారూ, మొగమాటం లేకుండ చెప్పండి. లింగం బతికున్నడని మీకు తెలుసా?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "వాళ్లు ఫోన్లో చదివారు, నేను రాసుకొచ్చానమ్మా. బతికున్నాడని అనలేదు. లేడనీ అనలేదు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఇదే మళ్లీ చదివారు." కాగితం నాకు చూపించాడు. "మధ్యాహ్నం దాటితే సాయంత్రం విమానం అందదు. నిజంగా ఆసుపత్రిలో ఉంటే పాపం ఒక్కడూ ఉన్నాడు కదా, అదీ నా బాధ."

నాకూ అదే బాధ. లింగం బతికుంటే, దెబ్బలతో పరాయి ఊళ్లో పడుంటే, ఇంటి నుంచి ఒక్క మనిషి కూడా రాడు. ఇక్కడ చెలకలో వాడి కోసం చోటు చూస్తుంటారు.

మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేజీ అడుగున, మాకు రాయండి అని చిన్న అక్షరాలు ఉన్నాయి. నొక్కితే, దేని గురించి రాస్తారని అడిగింది. కొత్త టికెట్లు, టికెట్ రద్దు, భోజనం, సూచనలు, పోయిన సామాను. రంగు తీసేటప్పుడు ఇవి మార్చడం మరిచిపోయినట్టున్నారు. మొదటి నాలుగింటికి ఏడు పనిదినాల్లో జవాబిస్తామని రాసుంది. పోయిన సామానుకు మాత్రం అదేరోజు, దిగిన విమానాశ్రయం నుంచే జవాబు వస్తుందట. పోయిన సామానునే ఎంచుకున్నాను.

సామాను రంగు ఏమిటని అడిగింది. ఖాళీగా వదిలేస్తే ముందుకు పోనివ్వలేదు. చామనచాయ అని రాశాను. పొడవు? అయిదున్నర అడుగులు. గుర్తులు? కుడి కనుబొమ్మ మీద వెల్డింగ్ నిప్పురవ్వ పడి కాలిన మచ్చ. ఇతర వివరాలు అన్నచోట నా కోపమంతా నాకొచ్చిన ఇంగ్లీషులో పెట్టాను. ఇది సామాను కాదు, మనిషి అని రాశాను. పేరు లింగం, ఊరు భానూర్. మా దగ్గర మనిషి చనిపోతే చనిపోయాడని ఎవరూ చెప్పరు, సీరియస్‌గా ఉంది రండి అంటారు. మీరూ అదే అంటున్నారు. అందుకని కొడుకు పోయాడనుకొని అతని తండ్రి కోడల్ని పంపడం లేదు. మీరు తీవ్రంగా విచారిస్తున్నామని దయచేసి నాకు రాయొద్దు. ఉన్నాడా, లేడా? ఒక్క మాట చాలు.

పంపగానే ఈమెయిల్‌కు జవాబొచ్చింది. తెరిస్తే, యంత్రం పంపిన జవాబు. మీ సామాను మాకెంతో విలువైనదట. మానిటర్‌ను ఎత్తి రోడ్డు మీద వేయాలనిపించింది.

సత్తయ్య కదలకుండా కూర్చున్నాడు. నరసరాజు జీపు దగ్గరికీ మా దగ్గరికీ తిరుగుతున్నాడు. నేను మంచినీళ్లకని లేచి పక్క దుకాణంలోకి వెళ్తే, విత్తనాల సంచుల మధ్య సుమిత్ర కూర్చొని ఉంది. చాయ్ ముట్టుకోలేదు. ఎడమ చేతి గాజుల్ని కుడి చేత్తో గట్టిగా పట్టుకొని ఉంది.

"నన్ను చాయ్ తాగుమని మామ ఎందుకు తోలిండో నాకు తెల్వదా అక్కా," అంది మెల్లగా. "మా నాయన పోయిన్నాడు మా మేనత్త గూడ గిట్లనే పక్కకు తీస్కపోయి చాయ్ పోసింది. తాగినంక ఇంటికి తీస్కపోయింది."

"ఇంకా ఏం తెల్వదు సుమిత్రా. నిజంగనే తెల్వదు."

"నాకు సమజైందని మామకు తెలిస్తే ఆయన పడిపోతడు. గందుకే అడుగుతలేను." ఇంతసేపూ ఏడవని మనిషి నా ముందు కూడా ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. దాచుకోలేదు. సంచుల మీద కూర్చొని ఏడ్చేశాను. ఆమే నా వీపు నిమిరింది.

కళ్లు తుడుచుకొని తిరిగొచ్చేసరికి ఇంకో ఈమెయిల్ వచ్చి ఉంది. ఎయిర్‌లైన్స్ చిరునామా నుంచి కాదు, ఎవరిదో సొంత చిరునామా నుంచి. పేరు రాయలేదు. అక్షరదోషాలు నిండా ఉన్నాయి, హడావిడిగా కొట్టినట్టుంది.

"నేను సామాను విభాగంలో పనిచేస్తాను. ఇది రాయడానికి నాకు అనుమతి లేదు. అన్నీ హెడ్డాఫీసు నుంచే చెప్పాలన్నారు. పోయిన సామాను ఫారాలు నింపించడానికి పొద్దున నన్ను ఆసుపత్రికి పంపారు. మీరు రాసిన మనిషిని చూశాను. కనుబొమ్మ మీద మచ్చ ఉంది. బతికే ఉన్నాడు. ఎడమ కాలు నలిగిపోతే రాత్రే మోకాలి కింద తీసేశారు. తెలివిలో ఉన్నాడు. పానాలు, పనిముట్లు ఉన్న సంచీ కంపెనీది, వెతికిపెట్టమని నన్ను అడిగాడు. ఇంటికి ఎవరూ ఇంకా చెప్పలేదనుకుంటున్నాడు. దయచేసి ఎవరినైనా పంపండి."

రెండుసార్లు చదివాను. బతికే ఉన్నాడన్నది చదివి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కాలు గుర్తొచ్చింది. రోజంతా నిచ్చెనలు ఎక్కి దిగే ఫిట్టర్, ముప్పై ఏళ్లు నిండలేదు. వెనక తండ్రి కూర్చొని ఉన్నాడు. అప్పుడు, నిజం చెప్తున్నాను, నా నాలుక కూడా తిప్పి చెప్పడానికే సిద్ధమైంది. కాలికి దెబ్బ తగిలిందంట పటేలా, అందామనుకున్నాను. తక్కినది అక్కడికి వెళ్లాక తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ మాట దాదాపు పెదవుల దాకా వచ్చింది. సత్తయ్య నా మొహం చూస్తున్నాడు. ఇలాంటప్పుడు చెప్పేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

"పటేలా," అన్నాను. "ఆడ పనిచేసే మనిషి లింగాన్ని కండ్లార చూసి రాసిండు. బతికే ఉన్నడట. ఎడమ కాలు మోకాలి కింద తీసేసిండ్రు."

మొదటి మాట ఆయన వినలేదు. వినడానికి అలవాటు లేని మాట అది. రెండో మాటకు మాత్రం స్టూలు మీంచి లేచాడు.

"ఏమంటివి?"

"కాలు తీసేసిండ్రట. రాత్రే."

"కాలు తీసేసిండ్రు," అన్నాడు మెల్లగా. ఇంకోసారి అన్నాడు. తరువాత తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని, ఆ ముసలి మనిషి బిగ్గరగా ఏడ్చాడు. అంతసేపూ కొడుకు చనిపోయాడనుకొని రాయిలా కూర్చున్నవాడు, కొడుకు కాలు పోయిందని విని ఏడ్చాడు. నరసరాజు పరుగెత్తుకొచ్చాడు.

"లేనోనికి కాలు పోయిందని ఎవ్వరు చెప్పరు బిడ్డా," అన్నాడు సత్తయ్య ఏడుపు మధ్యలోనే. "ఇన్నేండ్ల సంది ఇంత మందికి చెప్పిన. నేనెన్నడన్న చెప్పిన్నా గిట్ల?"

నరసరాజు డ్రైవర్‌ను కేకేశాడు. సుమిత్రకు చెప్పడానికి నేను పక్క దుకాణం వైపు రెండడుగులు వేశాను. సత్తయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగు. చెప్పేది నా పని."

వెనకే వెళ్లి గడపలో నిలబడ్డాను. ఆయన సంచుల మధ్య, కోడలికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. సుమిత్ర గాజులు వదల్లేదు. మామ మొహం తడిగా ఉండడం చూసి కళ్లు మూసుకుంది. ఆయన నోరు తెరిచాడు. పాత మాటలు అలవాటుగా వచ్చినట్టున్నాయి, "జెర..." అని ఆగిపోయాడు.

"సుమిత్రా, లింగనికి ఎడమ కాలు తీసేసిండ్రు. మోకాలి కింద దాక."

ఆమె కళ్లు తెరిచింది. మామను తేరిపార చూసింది.

"అయితే ఉన్నడా మామా?" అంది.

"ఉన్నడు బిడ్డా. నీకోసం చూస్తుండు. లెవ్వు, పోదాం."